గుండ్రాయి గుడ్డేనా టీచర్?

ప్రశ్న: నేను హనుమకొండ జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. 5వ తరగతి నాదే. 6వ తరగతి సైన్స్ కూడా నేనే చూసుకోవాల్సి వస్తోంది. రెండూ కలిపి 31 మంది. పిల్లలు ఫోన్లలో డైనోసార్ వీడియోలు చూసి రోజూ అదే గోల. సరే అని ఒక టబ్బులో ఇసుక పోసి, ప్లాస్టిక్ డైనోసార్ బొమ్మలు దాచిపెట్టి తవ్వించాను. పది నిమిషాల్లో ఇసుకంతా వరండాలో ఉంది, ఇద్దరు కొట్టుకున్నారు, ఎవరికీ ఏమీ ఎక్కలేదు. ఒకమ్మాయి 'మా నానమ్మ అయన్ని కట్టుకథలంటది టీచర్' అంది. ఇంకో బాబు చెరువు కట్ట దగ్గర దొరికిందని ఒక గుండ్రాయి తెచ్చి 'ఇది డైనోసార్ గుడ్డు' అని నా టేబుల్ మీద పెట్టాడు. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను. అది నిజంగా గుడ్డే అయ్యుండొచ్చా? అసలు మన దగ్గర డైనోసార్లు ఉండేవా? నేను బీఏ చదివినదాన్ని, సైన్స్ పీరియడ్ అంటే కొంచెం టెన్షన్. పెద్ద ఖర్చు లేకుండా తరగతిలో ఏం చేయించవచ్చో చెప్పండి.
— ఒక టీచరు, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ గుండ్రాయి సంగతి చూద్దాం. మీ పాఠానికి అంతకంటే మంచి మొదలు నేను చూపించలేను.

అది గుడ్డు అయ్యే అవకాశం దాదాపు లేదు. హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల మనం తొక్కే నేలలో ఎక్కువ భాగం గ్రానైటు. పద్మాక్షి గుట్ట, ఖిలా వరంగల్‌లో ఏకశిల గుట్ట, అన్నీ ఆ జాతే. ఓరుగల్లు అన్న పేరులోనే రాయి ఉంది. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగి ఉన్న పదార్థం మెల్లమెల్లగా చల్లారి గట్టిపడితే ఈ రాయి తయారైంది. అప్పటికి ఎముకలున్న జీవి ఒక్కటీ లేదు. ఉన్నా అంత వేడిలో మిగిలేది కాదు. శిలాజం కావాలంటే బురదో ఇసుకో వచ్చి చచ్చిన జీవిని కప్పెయ్యాలి. ఆ బురద పొరలు పొరలుగా పేరుకుని రాయి కావాలి. మన గ్రానైటుకు ఆ యోగం లేదు. ఎండకు, వానకు అంచులు అరిగి, ఉల్లిపొరల్లా పెచ్చులూడి గుండ్లుగా మారడం మాత్రం దానికి బాగా తెలుసు. మీ బాబుకు దొరికింది అలాంటి గుండే అని నా అనుమానం.

కానీ ఈ మాట మీరు వాడికి చెప్పకండి. రాయి చేతనే చెప్పించండి.

ఒక భూతద్దం తెప్పించండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజు ఒలిచిన పెంకులు కొన్ని కడిగి ఆరబెట్టండి. పెంకునీ రాయినీ పక్కపక్కన పెట్టి పిల్లలను చూడనివ్వండి. రాయిలో తెల్లటివో గులాబీ రంగువో పలుకులు, గాజులా మెరిసే పలుకులు, నల్లటి మిలమిలలు కనిపిస్తే అది గ్రానైటే. గుడ్డు పెంకు అట్లా ఉండదు. అంతటా ఒకే మందం, సన్నని రంధ్రాలు. శిలాజంగా మారిన గుడ్డుకు కూడా పైన పెంకు పొర వేరుగా, లోపల నిండిన రాయి వేరుగా తెలుస్తాయి. 'గుడ్డు అయితే ఏమేం కనిపించాలి? మనకు ఏం కనిపిస్తోంది?' అని బోర్డు మీద రెండు గళ్లు గీసి వాళ్ల చేతే నింపించండి. తీర్పు తరగతి ఇస్తుంది. మీ మీదికి రాదు, వాడికీ చిన్నతనం ఉండదు. ఎందుకంటే పరిశోధన మొదలుపెట్టిందే వాడు.

వాడి ఊహ వెర్రిదేం కాదని కూడా చెప్పండి. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో కొందరు రైతులు తరతరాలుగా పొలాల్లో దొరికిన గుండ్రాళ్లను కులదైవంగా కొలుస్తూ వచ్చారు. అవి డైనోసార్ గుడ్లని 2023లో బయటపడింది. అక్కడి నేల వేరు, మన నేల వేరు, అంతే తేడా. ఆ రాయిని పారెయ్యకండి. ఒక అట్టముక్క మీద తెచ్చినవారి పేరు, దొరికిన చోటు, తేదీ, 'గ్రానైటు' అన్న తరగతి నిర్ణయం రాసి కిటికీలో పెట్టించండి. మ్యూజియంలో ప్రతి రాయికీ ఇట్లాంటి చీటీయే ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. మన దగ్గర ఉండేవా అంటే, ఉండేవి. హనుమకొండలో తవ్వితే దొరకవు గానీ ఉత్తరానికి పోయి గోదావరి దాటి ప్రాణహిత వైపు వెళ్తే, దేశంలోనే పేరున్న డైనోసార్ నేల అది. 1970ల చివర్లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ఒక్కచోటే, దాదాపు 2,400 చదరపు మీటర్ల జాగాలో, 840 ఎముక భాగాలు దొరికాయి. కనీసం 12 జంతువులవి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. కోటా అన్నది అక్కడి రాతి పొర పేరు, రెండో ముక్క మన ఊరి పేరు. పొడుగు మెడ, పొడుగు తోక, నాలుగు కాళ్ల మీద నడిచే శాకాహారి. కూర్చిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు. ఎప్పుడైనా పిల్లలను హైదరాబాద్ తీసుకెళ్తే చార్మినార్‌తో పాటు దీన్నీ చూపించండి.

అదే ప్రాణహితకు ఆవలి ఒడ్డున, మహారాష్ట్ర సిరొంచ తాలూకాలో బారాపాసారస్ దొరికింది. బెంగాలీలో 'బారా పా' అంటే పెద్ద కాలు. 1961లో, రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాది, తవ్వకం సాగింది కాబట్టి రెండో పేరు టాగోరై. తవ్వినవాళ్లు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అని నాకూ అప్పట్లో నవ్వొచ్చింది. ఆ సంస్థను పెట్టిన మహలనోబిస్ బ్రిటన్ నుంచి పమేలా లాంప్లూ రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించి అక్కడ భూగర్భ శాస్త్ర విభాగం మొదలుపెట్టించారు. ఆమె పేరూ మన ఊరి పేరూ కలిపి పెట్టిన డైనోసార్ ఒకటుంది, లాంప్లూసారా ధర్మారామెన్సిస్. మీ తరగతి ఆడపిల్లలకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి. ఇంకా పాతవి కావాలంటే ఆసిఫాబాద్ వైపు మాలేరి పొరలున్నాయి. అక్కడి ఎముకలతోనే 2025లో మాలేరిరాప్టర్ అనే మాంసాహారికి పేరు పెట్టారు.

ధర్మారం, యామన్‌పల్లి, మాలేరి. పిల్లలు ఈ పేర్లు విన్నప్పుడు వాళ్ల మొహాలు చూడండి. చుట్టాల ఊరి పేరు డైనోసార్‌కు ఉందంటే, అమెరికా డైనోసార్ గురించి వంద వీడియోలు చూపించినా రాని కదలిక వస్తుంది. ఆ వెంటనే 'మన ఊరి దగ్గర ఒక కొత్త జంతువు దొరికితే ఏం పేరు పెడతారు?' అని అడగండి. కాకపోతే ఒక షరతు. పేరులో ఒక ముక్క దొరికిన చోటుదో, రాతిదో, మనిషిదో అయి ఉండాలి, ఎందుకు పెట్టారో ఒక వాక్యం రాయాలి. అది మీకు తెలుగు పీరియడ్‌లో కూడా పనికొస్తుంది.

మీరు చేసిన ఇసుక తవ్వకం ఎందుకు చెడిందంటే, బొమ్మ దొరకగానే ఆట అయిపోతుంది. దొరికినవాడు గెలిచాడు, దొరకనివాడు కొట్టాడు. నేనూ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇదే తప్పు రెండుసార్లు చేశాను, కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. తవ్వి తీయడం అసలు పనిలో చిన్న ముక్క. ఏది, ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన, ఏ వైపు తిరిగి ఉందో రాసుకోవడమే పెద్ద పని. 'ఉంది' అన్నది కాదు, 'ఎట్ల తెలిసింది?' అన్నదే మనం నేర్పాలి.

కాబట్టి మళ్లీ చేయండి, కానీ ఇట్లా. ప్లాస్టిక్ బొమ్మలు పక్కన పెట్టండి. ఆదివారం కోడి కూర వండిన ఇళ్లల్లోంచి ఎముకలు కావాలి. మీ ఇంట్లో, ఇద్దరు ముగ్గురు టీచర్ల ఇళ్లల్లో చెప్పిపెడితే చాలు. వాటిని ఇంకోసారి సర్ఫ్ నీళ్లలో ఉడకబెట్టి, గీకి, రెండు రోజులు ఎండలో పెట్టండి. డాబా మీద పెడితే కాకులు పట్టుకుపోతాయి, పైన జల్లెడ బోర్లించండి. మాంసం తినని ఇళ్ల పిల్లలుంటే వాళ్ల గుంపుకు చెరువు దగ్గరి నత్తగుల్లలు, ఆల్చిప్పలు, చింతగింజలు ఇవ్వండి. నిజానికి ప్రపంచంలో దొరికే శిలాజాల్లో గుల్లలే ఎక్కువ, ఎముకలు తక్కువ. వాళ్లకేమీ లోటు జరగదు.

పండ్ల దుకాణంలో అట్టపెట్టెలు అడిగి తెచ్చుకోండి, ఐదారు. అడుగున నల్లరేగడి, మధ్యలో ఇసుక, పైన ఎర్ర మొరం, మూడు పొరలు. కొన్ని ఎముకలు అడుగు పొరలో, కొన్ని మధ్యలో పెట్టండి. పై పొరలో ఒక సోడా మూతో, చాక్లెట్ కాగితమో పడెయ్యండి. పెట్టె అంచులకు చీలికలు పెట్టి సుతిలి దారం అడ్డంగా నిలువుగా లాగి గళ్లు కట్టండి. గడికో నంబరు. ఇప్పుడు ఐదుగురి గుంపులో ఒకరు పాత టూత్‌బ్రష్‌తో మన్ను దులుపుతారు, ఒకరు స్కేలుతో కొలుస్తారు, ఒకరు గళ్ల కాగితం మీద బొమ్మ గీస్తారు, ఒకరు రాస్తారు. ఐదో మనిషి పని ప్రశ్నలడగడమే. బొమ్మ గీయకుండా ఏ ఎముకనూ కదిలించకూడదు, ఇది ఒక్కటే నియమం. పది నిమిషాలకోసారి పనులు మార్చండి. మార్కులు దొరికిన ఎముకకు కాదు, కాగితానికి. కొట్లాట దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే రాసేవాడు లేకుండా తవ్వేవాడికి విలువ లేదు.

సోడా మూత బయటపడగానే ఎవడో ఒకడు 'గప్పుడు సోడా ఉండెనా టీచర్?' అంటాడు. ఆ మాట కోసమే దాన్ని అక్కడ పెట్టాం. పై పొర కొత్తది, కింది పొర పాతది అన్న సంగతి అప్పుడు చెప్పండి. అది మనసులో నాటుకోవాలంటే ఇంట్లోంచి నెల రోజుల పాత పేపర్లు తెచ్చి టేబుల్ మీద వరసగా పేర్చండి. అన్నిటికంటే కింద ఏ తేదీ ఉంటుంది అని అడగండి. తర్వాత మధ్యలోంచి ఒక పేపరు లాగి, తేదీ ఉన్న పైభాగం చించేసి, 'ఇది ఏ రోజుదో ఇప్పుడు చెప్పండి' అనండి. కట్టలో ఉన్నప్పుడు పైనా కిందా ఉన్నవాటిని బట్టి చెప్పగలిగారు, బయటికి తీశాక చెప్పలేరు. శిలాజాన్ని పెకిలించి ఇంటికి తెచ్చుకుంటే ఏం పోతుందో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడైనా నిజంగా అట్లాంటిది కనిపిస్తే పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీసి, చోటు రాసుకుని, అక్కడే వదిలేసి, జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) వాళ్లకు తెలియజేయాలి. వాళ్ల దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది.

ఒక ముఖ్యమైన సంగతి. ఏ పెట్టెలోనూ కోడి తలకాయ పెట్టకండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ఎముకలన్నీ తీశాక కోడి దగ్గర ఇంకాసేపు ఆగండి. కోడి కాలి మీద పొలుసులు చూపించండి. ముందుకు మూడు వేళ్లు, గోళ్లు చూపించండి. రొమ్ము ముందు భాగంలో వి ఆకారంలో ఒక సన్నటి ఎముక ఉంటుంది, అది టైరానోసారస్ అనే పెద్ద మాంసాహారి డైనోసార్‌కూ ఉండేది. పక్షులు డైనోసార్ల సంతతే. అంటే ఆదివారం మనం తిన్నది ఎవరినో పిల్లలకు అర్థమయ్యాక తరగతిలో కాసేపు మీ మాట ఎవరూ వినరు, అందుకు సిద్ధంగా ఉండండి. ఇంకో మాట. మనం 'రాక్షస బల్లులు' అని రాస్తూ వచ్చాం గానీ అవి బల్లులు కావు. 1842లో రిచర్డ్ ఓవెన్ భయంకరమైన బల్లి అన్న అర్థమిచ్చే గ్రీకు మాటలతో డైనోసార్ అని పేరు పెట్టాడు, మనం దాన్ని అట్లాగే తెచ్చుకున్నాం. గోడ మీద బల్లి కంటే మంథని దగ్గర శివ్వారం మడుగుల్లో ఉండే మొసలి వాటికి దగ్గరి చుట్టం. కోడి అయితే ఇంటి మనిషే.

ఆ రాక్షస అన్న మాట వల్లే మీ పిల్ల నానమ్మకు అది కట్టుకథలా వినిపించి ఉంటుంది. ఆమెను తప్పు పట్టడానికేం లేదు. తాడ్వాయి అడవిలో దామెరవాయి దగ్గర బండలతో కట్టిన పాతకాలం సమాధులను జనం రాక్షస గుళ్లు అంటారు. అవి వేల ఏళ్ల కిందటి మనుషులు కట్టినవి. పెద్దగా, వింతగా ఏది కనిపించినా రాకాసికి అంటగట్టడం మన అలవాటు. పిల్లలు రాక్షస గుళ్లనూ రాక్షస బల్లులనూ ఒకే గంపలో వేసుకుంటారు, అది విడదీయండి. నానమ్మతో వాదం పెట్టుకోమని మాత్రం పిల్లకు చెప్పకండి. ఇంట్లో పూజలో సాలగ్రామం ఉంటే, అందులో చుట్టలు చుట్టుకున్న గీతలు చూశావా అని అడిగి రమ్మనండి. గండకీ నదిలో దొరికే ఆ రాళ్లలో చాలావాటిలో ఉన్నది అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల అచ్చు. డైనోసార్ల కాలంలో బతికి, వాటితోపాటే పోయింది. దేవుడి గూట్లోంచి బయటికి తీయమని అడగొద్దు, చూసి వస్తే చాలు.

భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు చుట్టాలున్న పిల్లలు మీ తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన తాతలెవరైనా ఉంటే ఒకరోజు బడికి పిలవండి. బాయిలో బొగ్గుకు పైనుండే పలకరాయిలో ఆకుల అచ్చులు చూశారా అని పిల్లల చేత అడిగించండి. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకులవి. నాలుక ఆకారంలో ఉంటాయి, పేరుకు అర్థమూ అదే. మధ్యలో ఈనె, రెండు పక్కలా వలలాంటి నరాలు. మామిడాకు పక్కన పెట్టి చూస్తే పిల్లలకు పోలికా తేడా రెండూ తెలుస్తాయి. ఇదే చెట్టు ఆకులు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరికాయి. ఆ నేలలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవనడానికి దొరికిన సాక్ష్యాల్లో ఇదొకటి. ఆ తాత చేతిలో అట్లాంటి పలకరాయి ముక్క ఉంటే మీ పంట పండినట్టే. లేకున్నా ఆయన మాట చాలు. పిల్లలను మాత్రం ఓపెన్‌కాస్టు గుట్టల దగ్గరికి తీసుకెళ్లకండి. ఆ మట్టి ఎప్పుడు జారుతుందో చెప్పలేం.

బొగ్గు డైనోసార్ల నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. టీచర్లు కూడా. మన సింగరేణి బొగ్గు డైనోసార్లు పుట్టకముందు అడవులది. దాన్ని మాటల్లో చెప్తే ఎక్కదు, దారం కావాలి.

46 మీటర్ల సుతిలి కొనండి. ఖర్చనేదేమైనా ఉంటే ఇదొక్కటే. భూమి వయసు 460 కోట్ల ఏళ్లు కాబట్టి మీటరుకు 10 కోట్లు, సెంటీమీటరుకు 10 లక్షలు, మిల్లీమీటరుకు లక్ష ఏళ్లు. 5వ తరగతి లెక్కకు సరిగ్గా సరిపోతుంది. మైదానంలో పరిచి ఒక చివర 'భూమి పుట్టింది', ఇంకో చివర 'ఈ రోజు' అని ఇద్దరిని నిలబెట్టండి. ఈ రోజు దగ్గర్నుంచి వెనక్కి కొలుచుకుంటూ పోవాలి. 25 మీటర్ల దగ్గర ఒకరిని నిలబెట్టి చేతిలో ఆ గుండ్రాయి పెట్టండి, అది మన గ్రానైటు. 3 మీటర్ల నుంచి 2.5 మీటర్ల మధ్య బొగ్గు అడవులు. సుమారు 2.3 దగ్గర తొలి డైనోసార్లు, మాలేరివి కూడా ఆ చుట్టుపక్కలే. 2 మీటర్ల నుంచి దాదాపు 1.45 దాకా జురాసిక్ కాలం, మన కోటాసారస్ ఆ మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. 66 సెంటీమీటర్ల దగ్గర పెద్ద డైనోసార్లన్నీ పోయాయి, ఆ గీతకు కాస్త అవతల టైరానోసారస్.

ఇప్పుడు స్కేలు పెట్టి ఒకటి కొలిపించండి. కోటాసారస్‌కూ టైరానోసారస్‌కూ మధ్య దూరం ఎక్కువా, టైరానోసారస్‌కూ మనకూ మధ్య దూరం ఎక్కువా? పిల్లలు డైనోసార్లన్నీ ఒకేసారి ఒకే అడవిలో తిరిగాయనుకుంటారు, కార్టూన్ల పుణ్యం. దారం మీద చూస్తే టైరానోసారస్ కోటాసారస్ కంటే మనకే దగ్గర. ఈ ఒక్క కొలత దగ్గర ఎంతసేపు ఆగినా నష్టం లేదు.

మనుషులకు మిగిలింది 3 మిల్లీమీటర్లు. వేయి స్తంభాల గుడి ఎక్కడ పెట్టాలి అని తప్పకుండా అడుగుతారు. 1163లో కట్టిన గుడి ఆ లెక్కలో వెంట్రుక మందం కూడా రాదు. దాన్ని ఎట్లా చూపిస్తారని మాత్రం నన్ను అడగకండి.

అచ్చులు పోయడం అన్ని బడుల్లోనూ చేయిస్తారు, మీరూ చేయించండి. బంకమట్టిని చపాతీలా తట్టి, రావి ఆకును ఈనెల వైపు కిందికి పెట్టి ఒత్తి తీస్తే అచ్చు పడుతుంది. అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తే ఆకు తిరిగి వస్తుంది. ఒకటే జాగ్రత్త, ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. ఒకసారి నేను చేతి అచ్చు తీసి చూపిద్దామని గొప్పకు పోయి బకెట్లో చెయ్యి పెట్టాను. పిల్లలు నవ్వుతున్నారు, నాకు లోపల మంట. సమయానికి లాక్కున్నాను గానీ వారం రోజులు మణికట్టు ఎర్రగా ఉంది. పిల్లల వేళ్లు అందులో పెట్టనివ్వకండి, కలపడం మీరే చేయండి, మిగిలింది సింకులో పోయకండి. ఎముక రాయిగా ఎట్లా మారుతుందంటే మాత్రం ప్లాస్టర్ అక్కర్లేదు. స్పాంజి ముక్కను బాగా చిక్కటి ఉప్పు నీళ్లలో నానబెట్టి ఎండలో పెట్టి, రోజూ ఇంకొంచెం ఉప్పు నీళ్లు పోస్తూ నాలుగైదు రోజులు చూడండి. రంధ్రాల్లో ఉప్పు నిండి గట్టిపడుతుంది. ఎముకలోని సందుల్లో నీటితో వచ్చిన ఖనిజాలు నిండేదీ ఇట్లాగే, కాకపోతే దానికి చాలా ఏళ్లు పడుతుంది.

వాన పడిన మర్నాడు అడుగుజాడల ఆట ఆడించండి. తడి నేల మీద ఒక పిల్ల మెల్లగా నడవాలి, తర్వాత పరుగెత్తాలి. మిగతావాళ్లు వెనక్కి తిరిగి నిలబడాలి. తర్వాత వచ్చి జాడలు మాత్రమే చూసి ఏది నడక, ఏది పరుగు, ఎంత దూరానికో అడుగు పడిందో కొలిచి చెప్పాలి. డైనోసార్ ఎంత వేగంగా నడిచిందో రాతిలోని జాడలను బట్టి లెక్కగట్టే పద్ధతి 1976లో మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇచ్చాడు. అందులోనూ మొదట కొలవాల్సింది ఇదే. ఊళ్లో ఎవరిదైనా మచ్చికైన కోడి ఉంటే దాన్నీ నడిపించండి. మూడు వేళ్ల జాడ చూశాక కోడి సంగతి ఇంకోసారి చెప్పక్కర్లేదు.

బీఏ చదివానన్న టెన్షన్ వదిలెయ్యండి. పిల్లలు అడిగినదానికి 'తెలియదు, ఎట్లా తెలుసుకుందాం?' అనగలిగిన టీచరే ఈ పాఠానికి కావాలి. నేను జీవశాస్త్రం చదువుకున్నవాణ్ణి, 'తెలియదు' అనడానికి నాకు పదేళ్లు పట్టింది. సిలబస్ ఎక్కడ పూర్తవుతుందని పెద్దసార్లు అడిగితే దారం లెక్కను గణితంలో, పేరు పెట్టడాన్ని తెలుగులో, ఆకు అచ్చును పరిసరాల విజ్ఞానంలో రాసుకోండి.

ఇక తలకాయ సంగతి. యామన్‌పల్లి దగ్గర అన్ని వందల ఎముకలు దొరికినా కోటాసారస్ పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. మ్యూజియంలో మనం చూసే తల, దాని చుట్టాల తలలను బట్టి ఊహించి పెట్టిందే. అందుకే మీ పెట్టెల్లో తల ఉండకూడదన్నాను. పిల్లలు 'తల ఏది టీచర్?' అని వెతుకుతారు, అప్పుడు ఈ మాట చెప్పండి.

ఆ వారం శనివారం మైదానం ఊడ్పించి ముగ్గుపిండి తెప్పించండి. ముగ్గులు బాగా వేసే పిల్లలను ముందు పెట్టండి. 44 అడుగులు కొలిచి మెడ మొదలు తోక చివరి దాకా చుక్కలు పెట్టి, కలుపుకుంటూ కోటాసారస్‌ను నేల మీద పడుకోబెట్టండి. ఎంతమంది పిల్లలు వరసగా పడుకుంటే దాని పొడవు వస్తుందో ముందు ఊహించి, తర్వాత నిజంగా పడుకుని లెక్కపెట్టాలి, పదీ పదకొండు మంది దాకా పడతారు. మెడ వరకు గీసి ఆపేయండి. తల దగ్గర జాగా వదిలి, గుంపుకో తల గీయమనండి. శాకాహారి కాబట్టి పళ్లు ఎట్లా ఉండాలి, అంత పొడుగు మెడ మీద తల బరువుగా ఉండొచ్చా, కళ్లు పక్కకు ఉండాలా ముందుకు ఉండాలా, ప్రతి గుంపూ తన తలకు కారణం చెప్పాలి. గుండ్రాయి తెచ్చిన బాబు ఏ గుంపులో ఉన్నాడో చూసుకోండి. గాలికి ముగ్గు చెదరకముందే మేడ మీదికెక్కి ఒక ఫోటో తీసి పంపండి, ఏ తల ఎవరు గీశారో వెనక రాయండి.